ముడుపు కట్టిన రోజా

గులాబీకి కాయ కాస్తుందని నాకు ముప్పై నాలుగేళ్ళు వచ్చేదాకా తెలియదు. ఇంకెవరికైనా తెలియకపోతే వింత లేదు కానీ, నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. కేసరాలు, పుప్పొడి, కీలాగ్రం, అండాశయం అని పదేళ్ళుగా బోర్డు మీద రంగు సుద్దముక్కలతో పువ్వు బొమ్మ గీసినదాన్ని. తప్పు గీసిన పిల్లల్ని నోరారా తిట్టినదాన్ని. మా వాకిట్లోనే రోజా చెట్టు ఉంది. దానికి కాయ ఎందుకు కాయదని ఒక్కరోజైనా అనుకోలేదు. సిగ్గుచేటు కాదూ!

నన్నొక్కదాన్నీ అని లాభం లేదు లెండి. మా వైపు ఏ ఇంట్లోనూ రోజాపువ్వు చెట్టు మీద రెండో పొద్దు చూడదు. తెల్లారీ తెల్లారకముందే ఎవరో ఒకరు కోసేస్తారు, దేవుని పటానికో జడలోకో. పూసిన పువ్వు చెట్టు మీదే వాడిపోతే ఇంటికి మంచిది కాదని మా అత్త గట్టి నమ్మకం. పువ్వు నిలవనిదే కాయ ఎక్కణ్ణించి వస్తుంది?

ఆ చెట్టు అత్తదే. తనకల్లు దగ్గర పల్లెలో ఆమె పుట్టిల్లు. పెళ్ళై సోమందేపల్లెకు వచ్చేటప్పుడు పుట్టింటి రోజా కొమ్మ ఒకటి నరికించుకొని, కోసిన చోట పేడ ముద్ద పెట్టి, తడిగుడ్డ చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చుకుంది. ఆమె పుట్టింట్లో బావి ఎండిపోయిన ఏడాది అక్కడి చెట్టు పోయింది. మిగిలింది మా వాకిట్లోది ఒక్కటే. లేత గులాబి రంగు, చేతినిండా రేకులు, పొద్దున ఏడుకల్లా సగం రాలిపోయే పువ్వు. హిందూపురం పూలంగట్లో పన్నీరు రోజా అని అమ్ముతారు, దాన్ని తెచ్చి చూపిస్తే అత్త ముక్కు దగ్గర పెట్టుకొని, "ఇది దాని కాలిగోటికి సరిపోదు" అని పక్కన పెట్టేసింది. నిజమే. మా పువ్వు వాసన వేరు. ఎండిన రేకులు బీరువాలో చీరల మధ్య పెడితే ఏడాది తరవాత మడత విప్పినా తగిలేది.

అత్త పొద్దున్నే కోసిన పువ్వుల్లో మొదటిది దేవునికి. రెండోది నా జడలోకి. మామ పోయినప్పటి నుంచీ ఆమె పూలు పెట్టుకోదు, నాకు మాత్రం పెట్టడం మానలేదు. నేను అటు తిరిగి నిలబడితే, ఆమె పిన్ను పళ్ళతో విప్పి, "కదలొద్దే, కుదురుగా నిలబడు" అని గుచ్చేది. మేమిద్దరం రోజుకు నాలుగుసార్లు పోట్లాడుకునేవాళ్ళం, పువ్వు గుచ్చేటప్పుడు మాత్రం ఎన్నడూ కాదు.

తొంభై ఎనిమిదో తొమ్మిదో, ఆ రోజుల్లో చెట్టుకు తెగులు ముదిరింది. వానలు పడితే ఆకుల మీద నల్లమచ్చలు. మా ఊళ్ళో పడేదే నాలుగు చినుకులు, ఆ నాలుగింటికే ఆకంతా పచ్చబడి రాలిపోయేది. చలి మొదలైతే చిగుళ్ళ మీద విబూది చల్లినట్టు బూడిద తెగులు. ఆ తరవాత కొమ్మ చివరినుంచి కిందికి నల్లగా ఎండుకుంటూ వచ్చేది. అత్త కత్తితో ఎండినంత మేరకు నరికి పేడ పూసేది. వారం తిరక్కుండానే పేడ కింద మళ్ళీ నలుపు. కొమ్మలు కోసి వేరే చోట నాటి చూశాం, ఇరుగుపొరుగుకిచ్చి చూశాం. తెగులు కొమ్మతోపాటే పోయింది. ఒక్కటీ నిలవలేదు.

పురుగుమందుల అంగడివాణ్ణి అడిగితే పొడి మందు ఒకటి ఇచ్చాడు. నీళ్ళలో కలిపి కొట్టబోతుంటే అత్త బకెట్ లాగేసుకుంది.

"దేవునికి పెట్టే పువ్వుకు మందు కొడతారా ఎవురైనా? ఎంత సదువుకొన్నా బుద్ధి యాడికి పోతాదే నీకు?"

"చెట్టు చస్తాంది అత్తా!"

"చస్తే చావనీ. ఇసం పూసుకొని బతికేదానికంటే మేలు."

అంతే, ఇక ఆ మాట ఎత్తే పని లేదు. మందు లేకుండా బతికితే బతకాలి, లేకపోతే లేదు. ఆ రాత్రి అత్త అన్నం సరిగ్గా తినలేదు. చావనీ అన్నదే కానీ, ఆ మాట ఆమెకే గుచ్చుకుంది. ఆ చెట్టు పోతే ఆమెకు పుట్టిల్లు అన్నది ఇంకేమీ మిగలదు. నాకు ఆ పూట తెలిసింది ఈ సంగతి, అప్పటికి ఆ ఇంట్లో ఎనిమిదేళ్ళు కాపురం చేశాక.

ఆ చెట్టుకు రెండడుగుల దూరంలో ఇంకొక రోజా ఉండేది. దాని కథ వేరు. సైకిలు మీద మొక్కలమ్మే ఆయన దగ్గర మా ఆయన ముచ్చటపడి ఒక అంటు కొన్నాడు. కుంకుమరంగు పువ్వు, కొబ్బరిచిప్పంత. ఒక్క ఎండాకాలానికి అంటు చచ్చింది. దాని కింది నాటు వేరు మాత్రం బతికి, సందు దొరికిందని పైకి లేచింది. ముళ్ళ కంప! గోడంత ఎత్తు పెరిగి, మాఘమాసంలో పైసంత తెల్లపూలు గుత్తులు గుత్తులుగా పూసింది. వాసన సున్నా. రేకులు ఐదే. దేవునికీ పనికిరావు, జడకూ పనికిరావు. అత్త రోజూ అనేది: "ఆ కంపను పెరికేయే, ఊరికే నీళ్ళు తాగుతాండాది."

నాకు కుదరక పెరకలేదు, బద్ధకమే. ఆషాఢంలో ఒక ఆదివారం బట్టలు ఆరేస్తుంటే చీర దానికి తగులుకుంది. విడిపిస్తూ చూస్తే ఏముంది, కొమ్మనిండా సెనగగింజంత ఎర్రటి కాయలు! కోసి గోటితో చీల్చాను. లోపల విత్తనాలు. తడిచీర భుజాన వేసుకొని అట్లాగే నిలబడిపోయాను. ఎవరూ అక్కరలేదనుకున్న పువ్వు కనుక దీనికి కాయ కట్టింది. మాకు ముద్దొచ్చిన పువ్వుకు మేమే కాయ కట్టనివ్వలేదు. అప్పుడు ఇంకొకటి కూడా కంట్లో పడింది. ఆ కంప ఆకుల మీద ఒక్క నల్లమచ్చ లేదు, ఒక్క బూడిద పొర లేదు. పక్కనే మా చెట్టు ఒళ్ళంతా మచ్చలతో నిలబడి ఉంది.

పదో తరగతి పాఠం నాకు నోటికి వచ్చు. పొడుగు బఠానీ, పొట్టి బఠానీ. ఒకదాని పుప్పొడి ఇంకొకదానికి. ఇన్నేళ్ళు చెప్పిన పాఠం ఒక్కసారైనా చేసి చూద్దామనిపించింది. స్కూలు లైబ్రరీలో అట్ట ఊడిన తోటపని పుస్తకం ఒకటి దొరికింది. పువ్వు విచ్చకముందే కేసరాలు తీసేయాలట, ఇంకో చెట్టు పుప్పొడిని కుంచెతో అద్దాలట, మరేదీ తగలకుండా సంచి కట్టాలట. రేకులు కూడా పీకేయమని ఉంది అందులో. మా పువ్వు రేకులు పీకడానికి నాకు చేతులు రాలేదు. అక్కడే తప్పు చేశాను.

మాఘమాసం రాగానే ఒక సాయంత్రం మొగ్గ విప్పి, కనుబొమ్మలు సరిచేసుకునే పట్టకారుతో కేసరాలన్నీ తీశాను. మర్నాడు కంప పుప్పొడి అద్ది, మందులషాపు కాగితం కవరు తొడిగి, దారం కట్టాను. అత్తకు చెప్పలేదు. చెప్తే వంద ప్రశ్నలు. మూడో రోజు పొద్దున రోజూలాగే అటు తిరిగి నిలబడ్డాను, ఆమె పువ్వు గుచ్చింది, నేను బడికి పోయాను. పదో తరగతిలో బోర్డు వైపు తిరిగి రాస్తుంటే పువ్వు జారి కింద పడింది. తీసి చూస్తే నడుమ బోడిగా ఉంది. ఒక్క కేసరం లేదు. నా ప్రయోగాన్ని నేనే జడలో పెట్టుకొని బడికి వచ్చాను!

సాయంత్రం ఇంటికెళ్ళి అరిచిన అరుపు వీధి చివరికి వినిపించి ఉంటుంది. "కవరు కట్టినాను గదా, కండ్లు కనపళ్ళేదా నీకు?"

"కనపడ్న్యాది. ఎవురో పిల్లోళ్ళు పువ్వుకు టోపీ పెట్టినారనుకొన్యా. తీసి చూస్తే లచ్చనంగా పూసుండాది. కొయ్యకుండా ఏం జేస్తారు?"

"అది కాయ కట్టల్ల!"

"రోజాకు కాయ!" అని అత్త మా ఆయన వైపు తిరిగింది. "ఒరేయ్, నీ పెండ్లానికి ఎండదెబ్బ తగిల్న్యాది. మజ్జిగ ఇయ్యిరా."

నేను కంప కాయలు తెచ్చి ఆమె చేతిలో పోశాను. చీల్చి విత్తనాలు చూపించాను. అత్త ఒక విత్తనాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసింది. ఒప్పుకోలేదు కానీ, గొంతు తగ్గింది. "ఏమైనా గానీ, పూసిన పువ్వును చెట్టున వాడనియ్యకూడదు. ముడుపు కట్టిందైతే తప్ప కొయ్యకుండా నేనుండలేను" అంది. ఆ తరవాత మూడు రోజులు మేం మాట్లాడుకోలేదు. మా ఆయన మా ఇద్దరి మధ్య కూరగిన్నెలు అందిస్తూ, "ముంగిమాదిరి ఉండొద్దండమ్మా, తిట్టుకోండి, బాగుంటాది" అని బతిమాలుకునేవాడు.

మూడో రోజు నాకు ఆమె మాటే గుర్తొచ్చింది. ముడుపు. మా వైపు కోరిక కోరుకొని పసుపుగుడ్డలో నాలుగు గింజలు మూటగట్టి కట్టామంటే, మొక్కు తీరేదాకా దాన్ని ఎవరూ ముట్టరు. ఇంటికి దొంగ వచ్చినా ముట్టడు. పాత వాయిల్ చీర చింపి, పసుపునీళ్ళలో ముంచి ఆరబెట్టి, చిన్న సంచి కుట్టాను. ఈసారి పుస్తకం చెప్పినట్టే రేకులు కూడా తీశాను. పుప్పొడి అద్ది పసుపు సంచి తొడిగి ముడివేశాను. పొద్దున అత్త చెంబు పట్టుకొని వచ్చి, దాన్ని చూసి ఆగిపోయింది.

"ఏం మొక్కుకొన్యావే?"

"ఈ చెట్టు వాసన పోకూడదని."

"తీరితే ఏమిస్తావు దేవునికి?"

అంతదూరం ఆలోచించలేదు. నోటికి వచ్చింది అనేశాను. "పుట్టే చెట్టు తొలి పువ్వు దేవునిదే."

"మాట మీదుండల్ల మళ్ళ. దేవుని కాడ అబద్ధమాడితే నేనూరుకోను" అని, సంచి వైపు దండం పెట్టి, పక్కకొమ్మన పువ్వు కోసుకొని పోయింది. ఆ రోజు నుంచి ఆ కొమ్మ దగ్గర చీపురు కూడా జాగ్రత్తగా ఆడించేది. పక్కింటావిడ చూసి, తమ బోరులో నీళ్ళు పడాలని తానూ ఒక ముడుపు తెచ్చి కట్టింది. ఎదురింటావిడ ఇంకొకటి. చెట్టు చావలేక బతుకుతుంటే దాని మీద ఊరి కోరికలన్నీ! బోరు పడలేదు, పక్కింటావిడ కోపంగా వచ్చి తనది విప్పుకొని పోయింది.

మాది మాత్రం నిలిచింది. సంచి కింద పచ్చటి బుడిపె ఉబ్బింది. శ్రావణానికి ఉసిరికాయ అంతై నారింజరంగు తిరిగింది. అత్త రోజూ సంచి ముడి వదులుచేసి తొంగి చూసి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ బిగించేది. కోసి చీలిస్తే పదకొండు విత్తనాలు. చల్లగా ఉంటే తప్ప మొలకెత్తవని పుస్తకంలో ఉంది. మా ఊరి ఎండలో చల్లదనం ఎక్కడిది? తడి ఇసుకలో కలిపి, ఊరగాయ సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. పెరుగుగిన్నె పక్కన ఇసుక సీసా చూసి మా ఆయన, "చట్నీకా?" అన్నాడు. కరెంటు పోయినప్పుడల్లా అత్త ఫ్రిజ్ తలుపు ఎవర్నీ తియ్యనిచ్చేది కాదు. "లోపల సలువ పోతాది, గమ్మునుండండి" అనేది.

దసరా తరవాత నాటితే నాలుగు మొలిచాయి. ఒకటి నారులోనే మొదలు కుళ్ళి పడిపోయింది. మూడు మిగిలాయి. చలి వచ్చింది, బూడిద తెగులు వచ్చింది. ఒక మొక్కకు ఒళ్ళంతా తెల్లబడింది, ఇంకొకదానికి సగం. మూడోదాన్ని భూతద్దం పెట్టి వెతికినా పొర లేదు. జబ్బు చేసినవి పెరికేయాలి. తెగులుకు తట్టుకునేది కావాలంటే దారి అదే, జాలిపడి కాపాడితే మళ్ళీ మొదటికే వస్తుంది. పెరకడానికి వంగితే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"జబ్బు చేసిందని బిడ్డను పారేస్తామా? వాసన దాంట్లోనే ఉంటే?"

పువ్వు పూస్తే తప్ప ఏ మొక్కలో వాసన ఉందో ఎవరికీ తెలియదు. పూయడానికి రెండేళ్ళో మూడేళ్ళో. ఆ రెండింటినీ పెరడు చివర ఆమెకు వదిలేశాను. ఆమె పేడనీళ్ళు పోసింది, పాలు చల్లింది, దిష్టి తీసింది. ఏడాది తిరిగేసరికి రెండూ పోయాయి. అత్త తానే పెరికి గోడ అవతల పారేసి వచ్చి, చేతులు కడుక్కుంది. గెలిచానన్న సంతోషం ఎంత వెతికినా దొరకలేదు.

తరవాతి ఏడు వానే లేదు. ట్యాంకరు నీళ్ళు రెండు బిందెలు పట్టుకోవడానికి గంట నిలబడేవాళ్ళం. బియ్యం కడిగిన నీళ్ళు పాతచెట్టుకు, గిన్నెలు తొలిచిన నీళ్ళు పిల్లమొక్కకు, అదీ లెక్క. అయినా పాతచెట్టు చివరి కొమ్మ నల్లబడుతూ మొదలు దాకా వచ్చింది. వైశాఖంలో అత్త గోటితో బెరడు గీకి చూసింది. లోపల పచ్చదనం లేదు.

ఆమె ఏడవలేదు. మర్నాడు పొద్దున నేను అలవాటుగా అటు తిరిగి నిలబడ్డాను. కాసేపటికి వెనక ఎవరూ లేరని తెలిసింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆ తరవాత అత్త దేవునికి గన్నేరుపూలు పెట్టింది, నా జడలోకి మాత్రం ఏదీ తేలేదు. బజారులో మల్లెలు దొరికేవి, కనకాంబరాలు దొరికేవి. ఆమె అడగలేదు, నేను కొనలేదు.

మిగిలిన ఆ ఒక్క మొక్క మాత్రం బుద్ధిగా పెరిగింది. ఆకు పచ్చగా నిగనిగలాడేది. చలిలో తెల్లబడలేదు, చినుకులకు మచ్చలు రాలేదు. కానీ పూయదే! ఒక మాఘమాసం పోయింది, ఇంకొకటి పోయింది. మా ఆయన, "అది మగదేమో చూడండి" అని ఎగతాళి చేసేవాడు. ఇంత చేసి చివరికి కంప పువ్వే పూస్తే ఏమిటని నాకు లోపల గుబులు. ఐదు రేకులు, వాసన సున్నా. అత్త ముఖం ఎట్లా చూడను?

మూడో మాఘంలో మొగ్గ వేసింది. ఒకటే. అత్త దాని చుట్టూ కోళ్ళు రాకుండా ముళ్ళకంచె పెట్టింది. తొమ్మిదో రోజు పొద్దున నేను జడ వేసుకుంటుంటే వాకిట్లోంచి కేక. "ఏమే! రావే, బిరీన రావే!"

పువ్వు విచ్చింది. చిన్నది. పన్నెండో పదమూడో రేకులు, అంతే. రంగు వెలిసిన గులాబి. ముళ్ళు చూస్తే కంప ముళ్ళే, అచ్చంగా. నేను ముందుకు పోలేదు. అత్త వంగింది. నడుం పట్టుకొని, కళ్ళు మూసుకొని, పువ్వు దగ్గర ముక్కు పెట్టింది. ఎంతసేపటికీ లేవదే! లేచాక ముఖం తిప్పుకొని కొంగుతో తుడుచుకుంది.

"రేకులు లేవు" అంది. "ముండ్లు నీకు మల్లే ఉండాయి."

"వాసన?"

"నువ్వే చూడు."

వంగాను. బీరువా తలుపు తెరిచినట్టయింది. కొంచెం తక్కువే, ఇంకేదో కొత్త వాసన కూడా కలిసి ఉంది. కానీ అదే. అత్త పుట్టింటిదే. నేను అక్కడే చతికిలబడి పెద్దగా నవ్వాను, ఏడ్చాను, రెండూ. మొక్కు గుర్తొచ్చి లోపలికి పరిగెత్తి ఇత్తడి పళ్ళెం తెచ్చాను. తొలి పువ్వు దేవునిది, మాట ఇచ్చాను. కొయ్యడానికి చెయ్యి చాస్తే అత్త పళ్ళెం పక్కకు తోసింది.

"కొయ్యొద్దు."

"మొక్కు గదా అత్తా! మాట మీదుండల్లని నువ్వే అంటివి."

"అంటి. దేవునికి ఇచ్చినట్లే. ఆయప్పే ఈడికొచ్చి చూసుకొని పోతాడులే. కాళ్ళు లేవా ఆయప్పకు?"

అరవై ఐదేళ్ళ జీవితంలో పూసిన పువ్వును చెట్టు మీద ఒక్క పూట ఉంచని మనిషి. లోపలికి పోయి తన పాతచీర చెరగు పరకున చింపి, పసుపునీళ్ళలో ముంచి పిండి తెచ్చింది. పువ్వు కింద తొడిమకు తానే ముడివేసింది. రెండు వేళ్ళతో ముడి బిగించి, కళ్ళకద్దుకుంది.

"కాయ కట్టనీ" అంది. "ఈసారి మొక్కు నాది. నువ్వు నడుమ రావద్దు. బడికి పొద్దుపోతాంది, పో."

ఆ రోజు కూడా జడలో పువ్వు లేకుండానే బడికి పోయాను. దారిపొడుగునా నవ్వుకుంటూనే పోయాను.